సుగ్గికి పోయిన పిల్లల చదువు ఎవరి లెక్కలో ఉంది

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్లలో, ప్రైమరీ స్కూలు పిల్లలు చదువులో వెనకబడ్డారన్న మాట ఏటా వింటూనే ఉన్నాం. కానీ ఆ క్లాసులో కూర్చునే పిల్లలెవరు, ఏడాదిలో ఎన్ని నెలలు కూర్చుంటున్నారు అన్న లెక్క మాత్రం మార్కుల పక్కన కనపడదు. మా అభ్యంతరం అక్కడే.

ఈ స్కూళ్లలో ఎక్కువమంది బోయ, కురువ, మాదిగ కుటుంబాల పిల్లలు. ఉన్న కాస్త పొలం వాన మీద ఆధారపడిందే, తుంగభద్ర దిగువ కాలువ ఉన్నా చివరి భూముల దాకా నీళ్లు సరిగ్గా రావు. పత్తి తీతలు అయిపోయాక ఊళ్లో పని ఉండదు, అప్పులోళ్లు ఇంటి ముందు నిలబడతారు, ఇంక బియ్యం మూటలు, గిన్నెలు, పిల్లల్ని బండ్లలో ఎక్కించుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకి పోతారు. సుగ్గికి పోవడం అంటారు ఇక్కడ. సంక్రాంతి అటూ ఇటూగా పోయినోళ్లు చాలామంది ఉగాదికి గానీ తిరిగి రారు. ఇంట్లో అవ్వ ఉంటే పిల్లలు ఆమె దగ్గర ఉంటారు, లేకపోతే వాళ్లూ పోవాల్సిందే, పెద్దపిల్లకి తొమ్మిది పదేళ్లుంటే చేను గట్టు మీద చిన్నోళ్లని చూసుకునే పని ఆ పిల్లదే. అంతకుముందు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకి చేత్తో పుప్పొడి అంటించే పనికి, ఆడపిల్లల్ని పంపే ఇళ్లు కూడా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదువొచ్చినోళ్లు సగానికి తక్కువే, ఇప్పుడు బడికొచ్చే పిల్లల తల్లుల్లో చాలామంది ఆ చదువురాని సగంలో ఉన్నవాళ్లే, కాబట్టి ఇంటికెళ్లాక పుస్తకం తెరిచి చెప్పే మనిషి ఉంటుందని అనుకోలేం.

మూడు నెలలేగా అనిపించొచ్చు, కానీ రెండో క్లాసు పిల్లాడికి ఆ మూడు నెలలు చాలా ఎక్కువ. అప్పుడప్పుడే గుణింతాలు కుదురుతుంటాయి, వత్తులు మొదలవుతాయి, లెక్కల్లో అప్పు తెచ్చుకుని చేసే తీసివేత వస్తుంది, సరిగ్గా అక్కడ బడి ఆగిపోతుంది. తిరిగొచ్చేసరికి వచ్చిన అక్షరాలు కూడా సగం పోయి ఉంటాయి, ఎండాకాలం సెలవులు వచ్చేస్తాయి, జూన్‌లో పేరు మూడో క్లాసు రిజిస్టర్‌లో ఉంటుంది. ఇలా ఐదేళ్లు. పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లోని గవర్నమెంటు స్కూళ్లలో మూడో క్లాసు పిల్లల్లో రెండో క్లాసు పాఠం చదవగలిగింది 23.4 శాతం మందే, అన్ని రకాల పిల్లల్నీ కలిపితేనే అంత, మరి ఏటా మూడు నెలలు చేలో గడిపే పిల్లల నుంచి ఎంత ఆశిస్తాం?

కన్నడ బార్డర్ ఊళ్లలో ఇంట్లో మాట్లాడే భాషకీ పుస్తకం భాషకీ తేడా ఉంటుంది, అది ఇంకో బరువు.

టీచర్ల సంగతి కూడా చెప్పాలి. 2024-25 యూడైస్ లెక్కల్లో, అంటే కేంద్రం ఏటా తీసే స్కూళ్ల వివరాల్లో, ఒక్కరే టీచరున్న స్కూళ్లు దేశంలో 1,04,125 ఉంటే, అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. అరవైమంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తోంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు, అన్ని జిల్లాలకంటే ఎక్కువ పోస్టులు ఉమ్మడి కర్నూలు జిల్లాకే, ఇది మంచి పనే, గట్టిగా మెచ్చుకుంటున్నాం. కానీ కొత్తగా వచ్చినోళ్లు రెండేళ్లకే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని టౌన్‌కి పోతే మొదటికే వస్తాం. పిల్లలు ఏడాదంతా బడికొచ్చే ఊళ్లో కూడా చదవడం రాకపోతే అక్కడ టీచర్‌ని అడగాల్సిందే, దాన్ని మేం కాదనట్లేదు, కానీ జనవరిలో సగం క్లాసు ఖాళీ అయిన ఊరికీ ఆ ఊరికీ ఒకే కొలత పెట్టడం అన్యాయం.

తల్లిదండ్రులదే తప్పు అనేవాళ్లూ ఉన్నారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు వాళ్లకి అక్కరకొస్తుంది, నిజమే, కానీ అది ఏడాదికోసారి వచ్చే డబ్బు, మొగుడూ పెళ్లాం మూడు నెలల కూలి మానుకుని ఊళ్లో కూర్చోవడానికి చాలదు. పైగా 75 శాతం హాజరు నిబంధన ఉంది, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే దాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

బడి చదువుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద, పెద్దోళ్లు వలస పోయిన నెలల్లో పిల్లల్ని ఉంచుకునే సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, ఆలోచన చాలా మంచిది, పిల్లాడు ఊళ్లోనే తిని, పడుకుని, చదువుకుంటాడు. కుటుంబాలు బండెక్కేశాక తెరుస్తారన్నది పాత కంప్లయింట్. బండెక్కిన పిల్లాణ్ణి వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు కాబట్టి అవి డిసెంబర్ మొదటికల్లా నడుస్తుండాలి, ఆడపిల్లలకి రాత్రిళ్లు తోడుగా ఆడమనిషి ఉండాలి, లేకపోతే ఏ తల్లీ నమ్మి వదలదు.

అయినా కొందరు పోతారు. వాళ్ల రేషన్ గుంటూరులో కూడా వస్తోంది కదా, కార్డు ఎక్కడిదైనా వేలిముద్ర వేస్తే బియ్యం ఇస్తున్నారు, మరి హాజరు ఎందుకు రాకూడదు? అదే రాష్ట్రం, అవే పుస్తకాలు, అదే మధ్యాహ్న భోజనం, పిల్లాడు ఎక్కడ చదివినా మారని అపార్ అనే గుర్తింపు నంబర్ కూడా ఇస్తున్నారు. వలస కుటుంబాల పిల్లల్ని చేర్చుకునేలా చూడాల్సింది స్థానిక సంస్థలేనని విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. టీసీ లేదని తిప్పి పంపడానికి వీల్లేదు.

ఏ ఇంటి నుంచి ఎవరు పోతారో ఊళ్లో టీచర్‌కి నవంబర్‌లోనే తెలిసిపోతుంది. ఆ లిస్టు తీసుకుని కర్నూలు, గుంటూరు, పల్నాడు కలెక్టర్లు ముగ్గురూ ఈసారి కోతలకి ముందే కూర్చోవాలి, ఏ ఊరి పిల్లలు ఏ ఊరి బడిలో కూర్చుంటారో పేరు పేరునా రాయాలి, ఏప్రిల్‌లో మార్కులతో పాటు ప్రతి పిల్లాడూ బడికొచ్చిన రోజులు కూడా పక్కనే వెయ్యాలి.