సబ్‌లీజు నిషేధ షరతు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మున్సిపల్ దుకాణాల లీజు ఒప్పందంలోని సబ్‌లీజు నిషేధ షరతు గారి సముఖమునకు, పదకొండో నంబరు గదిలో జిరాక్సు మిషను నడుపుకుంటూ, తమరి లెక్కలో మాత్రం ఎక్కడా లేని ఒక ప్రాణి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

వేలంలో గది దక్కినవారు దాన్ని ఇంకొకరికి అప్పగిస్తే లీజు రద్దు చేస్తారని తమరి గురించి గొప్పగా విన్నాను. మా గది పాట పాడినాయన గుడ్‌విల్ పేరిట ఒకేసారి కట్టాల్సిన సొమ్ము కట్టి, షట్టరు ముందు కొబ్బరికాయ కొట్టి వెళ్లారు. ఇప్పుడు నెల మొదట్లో ఆయన బావమరిది వస్తాడు. మున్సిపాలిటీకి వాళ్లు కట్టేదానికి నాలుగు రెట్లు నా దగ్గర పట్టుకెళతాడు. రశీదు అడిగితే, "మనలో మనకు రశీదులేమిటి?" అంటాడు.

తమరి అన్నగారు అద్దె పెంపు నిబంధన కూడా తక్కువవారు కారు. 2011 నాటి 56వ నంబరు జీవో ప్రకారం మూడేళ్లకోసారి మూడో వంతు పెంచి పొడిగించాలి, 25 ఏళ్లు నిండితే మళ్లీ వేలం వేయాలి. పాడైన కాపీ వెనుక లెక్క వేశాను. వెయ్యి రూపాయల అద్దె ఎనిమిది పెంపులు తిరిగేసరికి పదివేలకు పదకొండు రూపాయలు తక్కువ! ఇంత చక్కని గణితం మా ఊళ్లో కోర్టు స్టే దగ్గర ఆగిపోతుంది.

మొన్న తనిఖీ జరిగింది. ముందురోజే కబురు అందడంతో నా బోర్డు మిషను వెనక్కి, పాట పాడినాయన పేరున్న బోర్డు గుమ్మం మీదకు చేరాయి. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నేను పనివాణ్ణయ్యాను. అధికారి ఏదో కాగితం ఇచ్చి కాపీ తీయమన్నారు. యజమాని గారికి మిషను మీట ఎక్కడుందో తెలియలేదు. అయినా అధికారి, "సబ్‌లీజు లేదు" అని రాసుకున్నారు. ఆ నివేదికకు మూడు కాపీలు తీసింది కూడా నేనే. డబ్బులు రాలేదు.

తమరికి నిజంగా కోపం వస్తే ముందు రోడ్డున పడేది నా మిషనే, బావమరిది కాదు. కాబట్టి విన్నపం: గదిలో వ్యాపారం చేస్తున్నవాడి పేరే రిజిస్టరులో రాసుకుని, ఆ నాలుగు రెట్లూ మున్సిపాలిటీయే తీసుకోకూడదా? రశీదిస్తే సంతోషంగా కడతాను. కుదరదంటే పాట పాడినాయనకు పంపినట్లే నాకూ ఒకరోజు ముందు కబురు పంపండి. మిషను బరువు, మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఇట్లు,
పదకొండో నంబరులో లేనివాడు