ఆరడుగుల గట్టుకు ఏ తరగతి?

మా బావగారి చేపల చెరువు గట్టుకు ఈ దేశంలో డ్యాంలకిచ్చే ఏ తరగతీ దక్కలేదన్న సంగతి నన్ను కొంతకాలంగా నిద్రపోనివ్వడం లేదు. ఆకివీడు పక్కన పదెకరాల చెరువు, దాని చుట్టూ ఆరడుగుల మట్టి గట్టు, గట్టు మీద వరుసగా కొబ్బరి చెట్లు, ఒక మూల మోటారు షెడ్డు. సొంత సొమ్ముతో నీటిని నిలబెట్టిన మనిషికి ప్రభుత్వం ఇవ్వవలసిన కనీస గౌరవం ఏదో ఒక వర్గీకరణ కాదా?

2021 నాటి డ్యాం భద్రతా చట్టాన్ని ఆశగా తిరగేశాను. అది రావడానికి ముందు నెలలోనే, నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి కాబట్టి మట్టి కట్టల మీద చట్టానికి కాస్త ఆపేక్ష ఉంటుందనుకున్నాను. ఆ చట్టంలోకి రావాలంటే ఎత్తు 15 మీటర్లు దాటాలట. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే 500 మీటర్ల పొడవో, 10 లక్షల ఘనపు మీటర్ల నిల్వో, అలాంటి మరొక ఘనతో ఉండాలట. పొడవు సంగతి అడిగితే బావగారు అవలీలగా పాసవుతారు, నాలుగు వైపులా కలిపి గట్టు 800 మీటర్లకు తక్కువ ఉండదు. తేడా అంతా ఎత్తులోనే వచ్చింది, అదీ ఎనిమిది మీటర్లు. భారతీయ ప్రమాణాల వారి 1985 నాటి లెక్క మరీ అవమానకరం. అందులో 'చిన్న' డ్యాం అనిపించుకోవడానికే 5 లక్షల ఘనపు మీటర్ల నిల్వ మొదలవుతుంది. అయిదడుగుల నీటితో బావగారి చెరువు పట్టేది అరవై వేలు. అంటే మాది చిన్నది కూడా కాదు.

ఇక మిగిలింది ప్రమాద తీవ్రతను బట్టి చేసే వర్గీకరణ. ఇందులోని న్యాయం నాకు బాగా నచ్చింది. గట్టు బలంగా ఉందా, బొరియలు పడిందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తెగితే దిగువన ఎవరు పోతారు, ఏది పోతుంది అన్నదే ప్రశ్న. రెండేళ్ల క్రితం దక్షిణాన వరిచేను ఉండేది. ఇప్పుడు అక్కడ ఒక వరుస ఇళ్లు, చివర ఒక అంగన్‌వాడీ వెలిశాయి. గట్టు అంగుళం పెరగలేదు, బావగారు తట్టెడు మట్టి వేయలేదు, అయినా లెక్క ప్రకారం ప్రమోషన్ వచ్చేసినట్టే. ఒక్కటే చిక్కు. మన డెల్టాలో దిగువ ఎటో నీటికే సరిగా తెలియదు. తూర్పు గట్టు తెగితే నష్టపోయేది పక్క చెరువు ఆసామి కాదు, బావగారే, ఎందుకంటే చేపలు ఎవరి చెరువులో తేలితే వారివే.

చట్టంలోకి వచ్చే డ్యాంలకు వానాకాలానికి ముందూ వెనకా తనిఖీ తప్పదు. మా గట్టుకు ఆ పని కాపలా కుర్రాడు టార్చిలైటుతో రోజూ రాత్రి చేస్తాడు, దొంగల కోసం. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. తూము పక్కన పీత బొరియ నుంచి చిటికెన వేలంత ధార పడుతోంది. తేట నీరు ఊరితే పెద్దగా భయం లేదు, బురద నీరు వస్తే గట్టు లోపలి మట్టి కదిలినట్టు లెక్క. వస్తున్నది టీ రంగులో ఉంది. కుర్రాడు ఖాళీ మేత బస్తాలో మట్టి నింపి కాలితో తొక్కాడు. ధార సగానికి తగ్గింది.

"మిగులు నీరు పొర్లిపోయే అలుగు ఏదండీ బావగారూ?" అని మర్నాడు అడిగాను.

"అలుగెందుకండీ, వానొత్తే మోటారెట్టి బోదెలోకి తోడేత్తాం గదండీ."

"వానొస్తే కరెంటు పోతుంది కదండీ?"

బావగారు ఆలోచనలో పడ్డారు. కొబ్బరి వేళ్లు గట్టును పట్టుకునే ఉంటాయని, చచ్చిన వేళ్లు కుళ్లిన చోట సొరంగాలు పడతాయన్న మాట ఇంజనీర్ల పితలాటకమని చెప్పి, గట్టుకు తరగతి ఇమ్మని ప్రభుత్వానికి నేను రాసిన అర్జీ నకలు తీసుకుని మొదటి పేజీ శ్రద్ధగా చదివారు. పీత బొరియ ప్రస్తావన కొట్టేయమన్నారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి, ఈ తరగతేదో వస్తే కరెంటు సబ్సిడీ యూనిట్‌కు ఏమన్నా పెరుగుద్దా అని అడిగారు.