కథ చివర కూర్చునే నీతిగారికి

మహారాజశ్రీ నీతిగారికి,

ఉభయకుశలోపరి. నిన్న రాత్రి మా నాలుగేళ్ల మనవరాలికి అన్నం పెడుతూ ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపును ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అంది చీమ. కారణానికి కారణమేమిటి, దానికి మొదలెక్కడ అని తర్కపండితులు తలలు బద్దలుకొట్టుకున్న సంగతి మా ఇంట్లో నాలుగు పప్పన్నం ముద్దల్లో చీమ దాకా వచ్చేసింది. పిల్ల బుగ్గలో ముద్ద అలాగే ఉంది. కళ్లు పైకప్పు మీదున్నాయి. సరిగ్గా అప్పుడు మా అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తి, "ఇంతకీ దీని నీతేంటి నాన్నా?" అన్నాడు.

విచ్చేశారు తమరు!

తమరిది పెద్ద వంశమే, కాదనను. ముగ్గురు మొద్దు రాజకుమారుల్ని ఆరు నెలల్లో దారిలో పెడతానని విష్ణుశర్మ పూచీ పడింది తమరి మీద భరోసాతోనే. కానీ ఆయన తమరిని ఎవరి నోట పలికించాడో గుర్తుందా? దమనకుడనే నక్క నోట! సింహానికీ ఎద్దుకూ మధ్య పుల్ల పెట్టడానికి ఆ నక్క వల్లించిన నీతులు అన్నీ ఇన్నీ కావు. చెప్పేదెవరో, ఎందుకు చెబుతున్నారో కూడా చూసుకోండర్రా అన్నట్టు రాశాడు పాపం. మనవాళ్లు నక్కను వదిలేసి శ్లోకానికి ఫ్రేమ్ కట్టించుకున్నారు. తెల్లారితే వాట్సాప్‌లో గులాబీ పువ్వు పక్కన తమరే.

భేతాళుడి దగ్గర మాత్రం తమరి ఆటలు సాగలేదు. రాజు జవాబు చెప్పడం, శవం చెట్టెక్కడం. చివరికి, తండ్రీకొడుకులిద్దరూ ఓ తల్లీకూతుళ్లని పెళ్లాడారు, తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ. వాళ్లకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు అన్నాడు. వరసలు కలపడంలో పండిపోయిన మా మేనత్త కూడా చేతులెత్తేసిన చిక్కు అది. రాజు నోరు మెదపలేదు. శవం భుజం దిగలేదు. తమరుంటే ‘నీతి: వయసు చూసి పెళ్లాడవలెను’ అని మళ్లీ చెట్టెక్కించేవారు.

అబ్బాయికి నేనేం చెప్పలేదు. పిల్లే ముద్ద మింగి అడిగింది:

"తాతా, చీమకి బంగారం ఎవరిచ్చారు?"

ఇట్లు,
పుట్ట దగ్గరే ఆగిపోయిన ఒక తాత