పదకొండు పేజీలకు సున్నా ఇచ్చిన జేటీ గ్రావిటీ గారికి

జేటీ గ్రావిటీ గారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం అన్నం తిని మీతో కూర్చుంటే లేచేసరికి ఆరు. అనంతపురం ఎండ, రెండుసార్లు పోయిన కరెంటు, లాంగ్ నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు. చివర్లో మీరు దయచేసింది సున్నా.

ఉగ్గాని, బజ్జీ పెడుతూ "ఏమొచ్చిందప్పా?" అంది అమ్మ. సున్నా అన్నాను. "దానికి ఇంతసేపా?"

మీరు గురుత్వాకర్షణ సిద్ధాంతమే, కానీ మిమ్మల్ని టాయ్ మోడల్, అంటే లెక్క తేలికయ్యేలా కుదించిన బొమ్మ నమూనా అంటారు. ఒక దూరం, ఒక కాలం, అంతే, గ్రావిటాన్లనే గురుత్వాకర్షణ కణాల గోలే లేదు. రెండు డైమెన్షన్లలో ఐన్‌స్టైన్ యాక్షన్, అంటే సమీకరణాలు పుట్టే మూల లెక్క, చేతులెత్తేస్తుంది కాబట్టి 1980ల్లో జాకివ్, టైటెల్‌బోయిమ్ అనే శాస్త్రవేత్తలు డైలటాన్ అనే ఫీల్డును తోడిచ్చి మిమ్మల్ని నిలబెట్టారు. నాలుగు డైమెన్షన్లతో తలపడలేనివాళ్లకు మీరే దిక్కని సీనియర్లు చెప్పారు. వాళ్లదేం పోయింది!

నేనడిగింది ఏమంత పెద్దదండీ? బ్లాక్‌హోల్ బయటికి తొందరగానే సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం సాగుతూనే ఉంటుంది. ఆ సాగుడే క్వాంటమ్ కాంప్లెక్సిటీ అన్నాడు భౌతిక శాస్త్రవేత్త సస్కిండ్, అంటే ఈ స్థితిని తయారు చేయడానికి క్వాంటమ్ కంప్యూటర్‌లో చేసే చిన్న చిన్న పనులు, అదే గేట్లు, కనీసం ఎన్ని కావాలనే లెక్క. అది చాలా చాలా కాలం పెరగాలి. దాన్ని రెండు రకాలుగా కొలవొచ్చంటారు. బ్లాక్‌హోల్ లోపలి పొడవు కొలిస్తే చక్కగా పెరుగుతారు. యాక్షన్ కొలిస్తే కాసేపు కదిలి, రోడ్డు మీద గేదెలా ఆగిపోతారు, పెరిగే వేగం సున్నా.

తప్పు నాదే అనుకున్నాను. మైనస్ గుర్తులు వెతికాను. మూలల్లో వచ్చే టర్ములు మళ్లీ రాశాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే సున్నా, ఒక దశలో నా డిగ్రీ మీదే అనుమానమొచ్చింది. సాయంత్రం చూస్తే ఏముంది, 2018లో సస్కిండ్, ఆయన తోటివాళ్లకూ ఇదే సున్నా వచ్చిందట! మీరు నాలుగు డైమెన్షన్లలో ఛార్జ్ ఉన్న బ్లాక్‌హోల్ నుంచి దిగొచ్చినవారట, కడప బస్సులో సంచి మరిచి దిగినట్టు మాక్స్‌వెల్ బౌండరీ టర్మ్, అంటే ఆ ఛార్జ్ తాలూకు విద్యుత్ క్షేత్రం అంచు దగ్గర ఇచ్చే ముక్క, అక్కడే వదిలేశారట. అది కలిపితే పెరుగుతుందట.

ఆ ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయేదప్పా? తేలిక, తేలిక అని పిలిచి, అసలు సామాను పైన పెట్టుకొని, ఎండలో నన్ను కూర్చోబెట్టి ఆడుకుంటావా?

రాత్రి పదకొండుకు ఆ టర్మ్ కలిపి మళ్లీ చేశాను. ఒకటే పేజీ. బజ్జీ నూనె మరక పక్కన గీత తిన్నగా పైకి పోయింది, చూడ్డానికి బాగుంది, ఏం చేద్దాం. అమ్మకు చెబుదామని లేస్తే నిద్రపోతోంది.

ఇట్లు,
రేపు పొడవుతోనే కొలిచేవాడు