మీలో బ్లాక్‌కరెంట్ పండు ఎవరు తిన్నారు?

మొన్న శనివారం కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లోనే వైన్ టేస్టింగ్ పెట్టాను. ఆరుగురం, నాలుగు సీసాలు. వైట్ రెండు ముందు, రెడ్ రెండు తర్వాత. ధర చూసి ఎవరూ మెచ్చుకోకూడదని సీసాలకు పాత పేపర్ చుట్టి నంబర్లు వేశాను. మనిషికి 50 మి.లీ. చొప్పున పోస్తే 750 మి.లీ. సీసా రెండు రౌండ్లు తిరిగినా ఇంకా మిగులుతుంది. ఒకదాని కార్క్ సగానికి విరిగి లోపల పడితే టీ జాలితో వడగట్టాను. రుచికేం కాలేదు.

అసలు గొడవ మూడో నంబర్ దగ్గర. మావాడొకడు గ్లాసు గిరగిరా తిప్పి, ఇంకా ముక్కు దాకా తీసుకెళ్లకుండానే కళ్లు మూసుకుని "బ్లాక్‌కరెంట్... లెదర్... సెడార్" అన్నాడు. అంటే ఆ పండు, తోలు, దేవదారు చెక్క వాసనలు వస్తున్నాయట. ఒరేయ్, నువ్వు పుట్టి పెరిగింది ఖమ్మంలో. బ్లాక్‌కరెంట్ అంటే నీకు తెలిసింది ఐస్‌క్రీమ్ ఒక్కటే కదరా! నిలదీస్తే "రెడ్ అంటే అవే ఉంటాయి, వీడియోలో చూశా" అన్నాడు.

వాణ్ణి ఒక్కణ్ణే అని లాభం లేదు. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువుకునే 54 మంది విద్యార్థులకు వైట్ వైన్‌లోనే ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారు. చదువుకున్నవాళ్ల సంగతే అది.

నాకు ఒళ్లు మండేదేమిటంటే, మన నాలుకకు మాటలు లేనట్టు అరువు తెచ్చుకోవడం. రెడ్ వైన్ తాగితే చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది చూడండి, దానికి కారణం టానిన్ అనే పదార్థం. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వస్తుంది. ఆ రుచి మన భాషలో వగరు. షడ్రుచుల్లో ఒకటి! నేరేడు పళ్లు తిన్నాక నాలుకను పట్టుకునేది అదే. పొయ్యి మీద మర్చిపోయిన టీలో ఉండేదీ అదే. "మీడియం టానిన్స్" అని సణిగే బదులు "కొంచెం వగరుగా ఉంది" అంటే పరువేమైనా పోతుందా?

అంతకుముందు రెండో నంబర్‌కి, వైన్ ఎప్పుడూ ముట్టని స్నేహితురాలు భయపడుతూనే "జామకాయ వాసనలా లేదూ?" అంది. అందరూ నవ్వారు. తీరా చూస్తే అది నాసిక్ సావిన్యో బ్లాంక్ అనే రకం వైట్ వైన్. ఆ రకానికి జామ వాసన ఉంటుందని వైన్ పుస్తకాల్లోనూ రాస్తారు.

నా తప్పులూ ఉన్నాయి. మూడో నంబర్ రెడ్, అదే కాబెర్నే, పక్కన మిర్చి బజ్జీ పెట్టాను. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, పైగా వగరు తోడైంది, ఒక్కొక్కరి కళ్లల్లో నీళ్లు. ఒకటో నంబర్‌లో మిగిలిన తియ్యటి షెనిన్ బ్లాంక్ పోస్తే గానీ తేరుకోలేదు. సకినాలు మాత్రం అన్నింటితోనూ బాగానే నడిచాయి. ఇంకోటి, రెడ్ వైన్‌ని "రూమ్ టెంపరేచర్"లో తాగాలన్న మాట యూరప్‌లో ఎప్పటి చల్లటి ఇళ్లకో చెప్పింది, 16–18 డిగ్రీలకు. మన హాల్లో ఎండాకాలం రాత్రి కూడా 30 పైనే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, ఎవరేమన్నా సరే.

అందరూ క్యాబుల్లోనే వచ్చారు. బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ 100 మి.లీ.కి 30 మి.గ్రా. దాటితే కేసే మరి.

నాలుగో గ్లాసు దగ్గర మా ఖమ్మంవాడు ఈసారి నిజంగానే వాసన చూశాడు. చాలాసేపు. "ఏమనుకోకండి, నాకు మా అమ్మ పెట్టే మిరియాల చారు గుర్తొస్తోంది" అన్నాడు. పేపర్ విప్పితే షిరాజ్. మిరియాలకు ఆ ఘాటు వాసన ఇచ్చే రొటండోన్ అనే పదార్థం షిరాజ్ ద్రాక్ష తొక్కలో కూడా ఉంటుందని చెప్పాను. వాడు వెంటనే ఫోన్ తీసి వాళ్లమ్మకు చెప్పబోయాడు. రాత్రి పదకొండున్నరకి, ఏం తాగుతూ గుర్తొచ్చిందని చెబుతావురా అని ఫోన్ లాక్కున్నాం.