లెక్క తప్పదు, కొలబద్ద తప్పుతుంది

అల్గారిథం అనగానే తెర వెనక కూర్చుని మనల్ని ఆడించే శక్తి ఏదో ఉందన్నట్టు మాట్లాడుకోవడం అలవాటైపోయింది. దేని తర్వాత ఏం చేయాలో, ఎక్కడ ఆపాలో ముందే తేల్చి పెట్టుకున్న వరుస అది, అంతే. భాగహార పద్ధతిలో గసాభా కనుక్కునే పిల్లలు చేసేది దాదాపు 2,300 ఏళ్ల కిందటి యూక్లిడ్ అల్గారిథమే.

రోజూ ఎదురయ్యేదాన్ని ఒకటి విప్పి చూద్దాం. ఆన్‌లైన్‌లో కార్డు నంబరు కొట్టేటప్పుడు ఒక్క అంకె తప్పినా, బ్యాంకును అడగకుండానే వెబ్‌సైట్ ‘చెల్లదు’ అనేస్తుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ పద్ధతి ఇది. 1960లో పేటెంట్ వచ్చింది. కుడి చివరి నుంచి లెక్కపెడుతూ ప్రతి రెండో అంకెను రెట్టింపు చేయాలి. అది 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. చివరికి అన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని 10తో భాగిస్తే శేషం మిగలకూడదు. 4572నే తీసుకోండి. 2 అలాగే ఉంటుంది. 7 రెట్టింపు 14, 9 తీసేస్తే 5. తర్వాతి 5 అలాగే, 4 రెట్టింపు 8. మొత్తం 20, సరిపోయింది. తడబడి 4752 అని కొడితే మొత్తం 18 వస్తుంది, తప్పు దొరికిపోతుంది. అయితే పక్కపక్కనున్న 0, 9 తారుమారైతే మాత్రం మొత్తం మారదు, పొరపాటు జారిపోతుంది. లోపం ఉంది కానీ, ఎక్కడుందో కాగితం మీద ఎవరైనా చూపించగలరు. సరైన జవాబేమిటో ముందే తెలుసు కాబట్టే అది సాధ్యం.

చిక్కంతా సరైన జవాబంటూ లేని చోట మొదలవుతుంది. మీ ఫీడ్‌లో ముందు ఏం రావాలి? అప్పు ఎవరికివ్వాలి? ‘మంచి వీడియో’, ‘నమ్మకస్తుడు’ లాంటివి యంత్రం కొలవలేదు. అందుకే కొలవడానికి వీలైనదాన్ని ఎవరో ఒకరు వాటికి బదులుగా ఎంచుకుంటారు. నా దృష్టిలో అసలు నిర్ణయం జరిగేది అక్కడే. ఆ తర్వాతి కోడంతా దాన్ని అమలు చేయడమే. యూట్యూబ్ 2012లో వ్యూల సంఖ్యను పక్కనబెట్టి, చూసిన సమయానికి పెద్దపీట వేసింది. ఊరించే థంబ్‌నెయిళ్లతో క్లిక్కులు రాబట్టేవాళ్లకు దెబ్బ తగిలింది, సాగదీసేవాళ్లకు కలిసొచ్చింది. ఫేస్‌బుక్ 2017లో ఎమోజీ స్పందనకు లైక్ కంటే అయిదు రెట్ల విలువ ఇచ్చింది. కోపం ఎమోజీకీ అదే విలువ కావడంతో రెచ్చగొట్టే పోస్టులు పైకొచ్చాయి. 2020 నాటికి కోపం విలువను సున్నా చేయాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో జరిగింది ఇంకా బాధాకరం. 2020లో కరోనా వల్ల ఏ-లెవెల్ పరీక్షలు, అంటే యూనివర్సిటీ సీట్లను తేల్చే స్కూలు చివరి పరీక్షలు, రద్దయ్యాయి. ప్రతి విద్యార్థికీ ఏ గ్రేడు రావచ్చో, తరగతిలో ఎన్నో ర్యాంకో టీచర్లు రాసి పంపారు. ఆఫ్‌క్వాల్ అనే నియంత్రణ సంస్థ, ఆ స్కూలు గత మూడేళ్ల ఫలితాలను బట్టి గ్రేడ్ల కోటా తేల్చి, ర్యాంకు ప్రకారం పంచింది. అంతకుముందు ఎవరికీ అత్యున్నత గ్రేడు రాని స్కూల్లో ఎంత తెలివైన పిల్లకైనా అది రావడం దాదాపు అసాధ్యం. మరీ చిన్న తరగతుల్లో ఈ గణాంకం నిలవదు కాబట్టి అక్కడ టీచరు మాటే చెల్లింది. అలాంటి తరగతులు ఎక్కువగా ప్రైవేటు స్కూళ్లలోనే ఉంటాయి. దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్ల అంచనా కంటే తగ్గాయి. ఆగస్టు 13న ఫలితాలిచ్చి, నిరసనలు వెల్లువెత్తాక 17న వెనక్కి తీసుకున్నారు. కంప్యూటర్ ఎక్కడా కూడిక తప్పలేదు. గ్రేడ్లు గత ఏళ్లతో పోలిస్తే మరీ పెరగకూడదన్న లక్ష్యాన్ని అది చక్కగా నెరవేర్చింది. అయితే పిల్లలకు కావాల్సింది ఎవరి ప్రతిభకు వాళ్ల గ్రేడు.

జాతి, లింగం లాంటి వివరాలు తీసేస్తే పక్షపాతం పోతుందనే వాదన తరచూ వినిపిస్తుంది. అది నిలవదు. అమెరికాలో అదనపు వైద్య సంరక్షణ ఎవరికవసరమో తేల్చే ఒక సాఫ్ట్‌వేర్‌పై 2019లో ‘సైన్స్’ పత్రికలో అధ్యయనం వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ తీసుకునే వివరాల్లో జాతి లేనే లేదు. జబ్బు తీవ్రతకు బదులుగా వైద్యానికయ్యే ఖర్చును అంచనా వేసేది. తెల్లజాతి వారితో సమానంగా జబ్బున్నా నల్లజాతి వారికి వైద్యం తక్కువగా అందేది కాబట్టి ఖర్చూ తక్కువే కనిపించేది. ఆ తేడాను సరిచేస్తే, అదనపు సాయానికి ఎంపికయ్యే వారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు తేల్చారు.

ఫీడ్ విషయంలో మనం చేయగలిగింది కొంత ఉంది. వాచ్ హిస్టరీ తెరిచి, ఒకసారి పొరపాటున చూసినవాటిని తీసేయండి. నచ్చని పోస్టు కింద కోపంగా కామెంట్ పెడితే చాలా చోట్ల అదీ ఆసక్తి కిందే జమ అవుతుంది. ‘ఆసక్తి లేదు’ అన్న బటన్ నొక్కి వదిలేయడం మేలు. తేదీల వరుసలో చూపించే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి.

అప్పు, ఉద్యోగం, వైద్యం లాంటి చోట సెట్టింగులు మార్చితే సరిపోదు. ఏ వివరాలు తీసుకున్నారు, దేన్ని అంచనా వేశారు, తప్పైతే ఎవరు సరిచేస్తారు అన్న మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగాలి. 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 22వ అధికరణం ప్రకారం, జీవితాన్ని గట్టిగా ప్రభావితం చేసే నిర్ణయాన్ని కొన్ని మినహాయింపులు తప్ప యంత్రం ఒక్కటే తీసుకోకూడదు. మినహాయింపు కింద అప్పు దరఖాస్తు తిరస్కరించినా, చాలా సందర్భాల్లో మనిషి చేత మళ్లీ పరిశీలించమని కోరవచ్చు, తమ వాదన చెప్పుకోవచ్చు, నిర్ణయాన్ని సవాలు చేయవచ్చు. ఆ పరిశీలించే మనిషికి నిర్ణయం మార్చే అధికారం లేకపోతే ఈ హక్కు కాగితానికే పరిమితం. కాబట్టి మళ్లీ పరిశీలించమని కోరేటప్పుడు ఆ సంగతి కూడా అడగాలి.