వందకు నాలుగొచ్చినా పాసే

తెలుగునాట మగవాడి పరువు మీసంలో ఉంటుందని పెద్దలు పొరబడ్డారు. అది వీర్య పరీక్షకిచ్చే బిగింపు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుందని ఏ ఫెర్టిలిటీ సెంటర్లో అడిగినా చెబుతారు. అందుకే ఆ డబ్బా చేతికివ్వగానే పెద్దమనిషికి ఆఫీసులో అర్జంటు పని గుర్తొస్తుంది.

ఈలోపు ఆయన భార్యకు ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పేది), థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల రక్తపరీక్షలు అయిపోయాయి. రోజు విడిచి రోజు స్కానింగులయ్యాయి. గర్భాశయంలోకి డై ఎక్కించి ట్యూబులు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రే తీస్తుంటే నొప్పికి బల్ల అంచు పట్టుకుంది. అండం విడుదల కోసం నెలల తరబడి లెట్రోజోల్ మాత్రలు మింగింది. చివరికి మత్తిచ్చి, బొడ్డు దగ్గర గాటు పెట్టి లాపరోస్కోపీ కూడా చేశారు. ఫైలు ఇంత లావైంది. అందులో అయ్యగారి కాగితం ఒక్కటీ లేదు. "మావాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు" అని అత్తగారి సర్టిఫికెట్ ఉండనే ఉంది. దానికి ల్యాబులకిచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు రావడమే తరువాయి.

ఇంతకీ ఆయనగారి పరీక్ష ఎంత ఘోరమైనదంటే, రెండు నుంచి ఏడు రోజుల నిగ్రహం, ఆ తర్వాత చేతులు కడుక్కుని ఓ గదిలోకి వెళ్లడం. శాంపిల్ మొత్తం డబ్బాలో పడాలి. వీర్యకణాలు ఎక్కువగా ఉండేది మొదటి భాగంలోనే, అది కింద పడితే దాచకుండా చెప్పాలి. మామూలు కండోమ్, నూనె, సబ్బు పనికిరావు. ఇంట్లో తీస్తే ఒంటి వేడి తగిలేలా లోపలి జేబులో పెట్టుకుని గంటలోపు ల్యాబ్‌లో ఇవ్వాలి. కారు ఏసీ ముందు పెట్టి, దారిలో ఇడ్లీకి ఆగితే కణాలు చలికి మందగిస్తాయి, రిపోర్టు చెడుతుంది.

ఇక మార్కుల సంగతి. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను వరసగా నిలబెట్టి, అట్టడుగు అయిదు శాతం దగ్గర ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, ముందుకు ఈదేవి 30 శాతం. ఆకారమైతే వందకు నాలుగు బాగుంటే చాలు! మిగతా 96 రెండు తలలతో, తోక లేకుండా, మెడ వంకరపోయి ఎలా ఉన్నా ఫర్వాలేదు. పదో తరగతిలో 35 రావాలి, ఇక్కడ నాలుగొస్తే పాసు. పైగా సప్లిమెంటరీ ఉంది: కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మధ్యలో జ్వరమొచ్చి కౌంట్ పడిపోతే ఆగి మళ్లీ చేయించుకోవచ్చు. అయినా మనవాడు హాల్ టికెట్ తీసుకోడు. జిమ్‌లో టెస్టోస్టెరాన్ పొడిపించుకునే వీరుడు అసలే తీసుకోడు. బయటి హార్మోన్ చూసి మెదడు లోపలి ఫ్యాక్టరీ మూయించేస్తుందనీ, సున్నా రావచ్చనీ ఆయనకెవరు చెప్పాలి?

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. కొన్ని వందల రూపాయల ఈ పరీక్ష మొదటిరోజే చేయించకుండా ఆడమనిషి పొట్ట మీద గాటు పెట్టే డాక్టరుకు సిగ్గుండాలి. తీరా ఆయన కౌంట్ తక్కువని తేలాక, ల్యాబ్‌లో ఒక్కో కణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే ఇక్సీ అంటారు. పది పన్నెండు రోజులు పొట్టమీద ఇంజెక్షన్లు ఎవరికి? అండాలు లాగడానికి యోని గోడలోంచి సూది గుచ్చేది ఎవరికి? లోపం ఆయనది, సూదులు ఆమెకి, గొడ్రాలన్న పేరూ ఆమెకే. సీమంతానికి పిలవకుండా ఎగ్గొట్టేదీ ఆమెనే. ఆయన్ని అనడానికి ఈ భాషలో వాడుక మాటొక్కటీ పుట్టలేదు!

సరే, బతిమాలగా బతిమాలగా డబ్బా వచ్చింది. మీద పేరు, తీసిన సమయం రాయమంటారు. పెద్దమనిషి అటూ ఇటూ చూసి, పెన్ను తీసి, ఆవిడ పేరు రాస్తాడు.